రెండో గేరు చప్పుడు

ఆరోగ్య కేంద్రం, మందుల గది
వానలు మొదలైన వారం

అన్నయ్యకి,

క్షేమమని రాయడం మర్యాద. ఇవాళ నా దగ్గర మర్యాదకి చోటు లేదు. ఒళ్ళు మండిపోతోంది. ఫోనులో అరుద్దామంటే నా అరుపు నీ చెవికి ఈగ ముసిరినట్టే ఉంటుందని నువ్వే అన్నావు. అందుకని కాగితం మీద అరుస్తున్నాను. నిదానంగా చదువు.

కొండమీది ఇళ్ళకి నేను మందులు మోసుకెళ్ళే బండి తెలుసుగా. కాగితాల్లో దాన్ని ఏటీవీ అంటారు. నాలుగు లావు చక్రాలు, సైకిలుకున్నట్టు హేండిలు, కూర్చున్న కప్పలా ఉంటుంది. మేం కప్ప అనే అంటాం. ఈమధ్య ఆ కప్ప గేరు పట్టనని మొరాయిస్తోంది. మొన్న మలుపు దగ్గర ఎక్కుతుంటే గేరు జారిపోయి వెనక్కి దొర్లింది. మందుల పెట్టె పగిలింది.

దానికి మా సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? నడుస్తుంటే వీధి చివరికి వినబడే కిర్రుచెప్పులు వేసుకుంటాడే, ఆయనే. అందరి ముందూ, రోగుల ముందు కూడా, "ఆడవాళ్ళ చేతికి సూది ఇవ్వాలి గానీ గేరు ఇవ్వకూడదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడకి తలనొప్పి.

బండిని అంబులెన్సులు బాగుచేసే వర్క్‌షాపుకి పంపారు. అక్కడి మెకానిక్కు ఇంజనే విప్పకుండా, "లోపల గేర్లని తోసే ఫోర్కు వంగింది, కాలితో తన్ని తన్ని నడిపితే అలాగే అవుతుంది" అన్నాడట. అంటే నేనే తన్నానన్నమాట. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ నడుపుతున్నాను, ఇన్నాళ్ళూ తన్నలేదు, ఇప్పుడు తన్నానా?

ఈ సంగతి తేలకపోతే నా రూటు తీసేస్తారు. నన్ను చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మందులు కొండ కిందే పెడతారట. కావలసినవాళ్ళు దిగొచ్చి తీసుకోవాలట. కుట్టుమిషను పెద్దమ్మ చక్కెర జబ్బుతో, ఒంటికాలితో దిగొస్తుందా? సూది మందు ఆవిడకి ఆగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు బండ్లు బాగుచేస్తూ ముసలివాడివయ్యావు. ఏం చెయ్యాలో చెప్పు. త్వరగా.

మండుతున్న నీ చెల్లెలు


షెడ్డు

చెల్లాయికి,

అందింది. పెట్టె పగిలిందన్నావు. నీకేం కాలేదుగా? రాయలేదు.

ఫోర్కు వంగిందో లేదో విప్పకుండా చెప్పేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అది చివరి మాట. ముందు చిన్నవి చూడాలి.

ఆయిలు పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్దు. గరుకుగా తగిలితే లోపల ఏదో అరుగుతోంది. నున్నగా ఉంటే భయం లేదు. ఇంజను ఆన్‌లో పెట్టి, గేరు వేసి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా వదిలెయ్యి. బండి తనంతట తాను ముందుకి పాకితే ఇంజను ఊరికే ఎక్కువ తిరుగుతోందని అర్థం. అప్పుడు గేరు మొరాయిస్తుంది.

చప్పుడు నాకు వినబడదు. కాబట్టి నువ్వే రాయాలి. "చప్పుడొస్తోంది" అంటే చాలదు. కటకటా, గరగరా, కిర్రా, ధడ్డా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, చదునులోనా?

సూపర్‌వైజరు మాటకి నేను ఏమీ రాయను. రాస్తే కాగితం పాడవుతుంది.

అన్నయ్య


మందుల గది
వాన వెలిసిన రోజు

అన్నయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బండి వర్క్‌షాపు నుంచి వచ్చి మా షెడ్డులో మూల పడి ఉంది. కిర్రుచెప్పులు తాళం ఇవ్వనన్నాడు. మా ఊడ్చే అక్క వెళ్ళి, "కింద ఊడవాలి, తాళం తియ్యండి" అంది. ఊడ్చినంత సేపూ నేను చూసుకున్నాను.

ఆయిలు నున్నగా ఉంది. తేనెలా ఉంది కూడా. బండి ముందుకి పాకలేదు, పెంపుడు కుక్కలా కూర్చుంది. అంటే నీ అనుమానాలు రెండూ తప్పే.

చప్పుడు రాయమన్నావు. నవ్వొచ్చింది గానీ రాస్తున్నాను. చదునులో ఒకటి, రెండు, మూడు వేస్తుంటే "టక్, టక్, టక్". మజ్జిగ తాగినంత హాయి. కొండ దగ్గరే గొడవ. మూడు నుంచి రెండుకి దించుతాను కదా, అప్పుడు ముందు "టు..." అంటుంది. టక్ కాదు, సగం టక్. తరవాత బరువు పడగానే "గర్ర్ర్" మని, "ఠప్" మని వదిలేస్తుంది. ఇక ఇంజను ఒక్కటే అరుస్తుంది, చక్రాలకి సంబంధం ఉండదు. అందుకే కిర్రుచెప్పులు చదునులో నడిపించి చూసి, "బండి బంగారం" అని డాక్టరమ్మకి చెప్పాడు. తను నడపలేదులే, వర్క్‌షాపువాడిచేత నడిపించాడు. "నేనా, ఈ కప్ప మీద ఇంతవరకూ కూర్చోనైనా కూర్చోలేదు" అంటాడు.

ఇంకో దరిద్రం. స్టోరువాళ్ళు కొత్త బూట్లిచ్చారు. ఏనుగు పాదాలు. బొటనవేలు గేరు లివరు కిందికి దూరదు. పైకి ఎత్తి గేరు వెయ్యాలంటే పాదం మెలిపెట్టాలి. పాతవి చిరిగేదాకా ఈ బాధ లేదు. వాళ్ళకేం, వాళ్ళు కుర్చీల్లో నడుస్తారు.

నాకేం కాలేదు. పెన్ను బాగోలేదు, అక్షరాలు చూసి కంగారుపడకు.

చెల్లెలు


షెడ్డు

చెల్లాయికి,

సగం టక్ అని బాగా రాశావు. గేరు పూర్తిగా కూర్చోవడం లేదు. పళ్ళు కొసలతో పట్టుకుంటున్నాయి. బరువు పడగానే జారుతున్నాయి.

ఈ బండికి చేతి క్లచ్చి ఉండదు. కాలితో లివరు కదిపితే క్లచ్చి అదే విడుస్తుంది. ఇంజను కుడిపక్క మూత మీద ఒక స్క్రూ, దాని చుట్టూ నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి, స్క్రూని బిగువు తగిలేదాకా తిప్పి, కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ నట్టు బిగించు. క్లచ్చి సరిగ్గా విడవకపోయినా ఇలాగే అవుతుంది.

ఇంకొకటి. కోప్పడకు. అడగాలి. నడిపేటప్పుడు పాదం లివరు మీదే ఆనించి ఉంచుతావా? చాలామందికి ఆ అలవాటు ఉంటుంది. కొత్త బూట్లు బరువు కూడా. ఒకసారి బూట్లు విప్పి నడిపి చూడు.

పెన్ను బాగోకపోతే అక్షరాలు పలచనవుతాయి. నీవి పడమటికి వాలుతున్నాయి. ఎందుకు?

అన్నయ్య


మందుల గది

అన్నయ్య గారికి,

గారు అని ఎందుకు పెట్టానో తెలుసు కదా.

ఊడ్చే అక్క మళ్ళీ తాళం తీయిస్తే స్క్రూ తిప్పి, గేరు దించి చూశాను. ఏ మార్పూ లేదు.

బూట్లు విప్పి కొండ ఎక్కమంటావా? ముళ్ళూ, రాళ్ళూ, వానకి జలగలూ. నువ్వు ఎక్కు ముందు, నేను వెనకాల మందులు పట్టుకుని వస్తాను. పాదం ఆనిస్తావా అంటావా? పరాయివాళ్ళు అంటే పొరుగింటి పొగ అనుకోవచ్చు. ఇంట్లోవాడే అంటే ఎవరితో చెప్పుకోవాలి? కిర్రుచెప్పులూ అదే అన్నాడు, వర్క్‌షాపువాడూ అదే అన్నాడు, ఇప్పుడు నువ్వూ. ముగ్గురు మగవాళ్ళూ మూడు ఊళ్ళలో కూర్చుని నా ఒక్క కాలినే చూస్తున్నారు!

చిన్నప్పుడు నాన్న సైకిలు చెయిను తెగితే కూడా నువ్వు ముందు నన్నే చూసేవాడివి. తెంపింది నువ్వే.

పాదం ఆనించను. ఆనించను. ఆనించను.

ఇక్కడ నేరాలు తక్కువై నాకు ఇంకొకటి అంటించారు. ఎడంపక్క కాలు పెట్టుకునే పలక మీద, సరిగ్గా లివరు కింద, రంగు లేచిపోయి వేలెడు మేర మెరుస్తోంది. స్టోరువాడు దాన్ని వేలితో చూపించి, "నర్సు గారు బూటు మడమతో గీకారు" అని రాసుకున్నాడు. నా మడమ అక్కడికి ఎలా వస్తుంది? నేనేమైనా కొంగనా? కళ్ళున్నవాడు ఒక్కడూ లేడు ఈ భవనంలో.

నెలాఖరున డాక్టరమ్మ స్వయంగా చూస్తానంది. ఆ రోజు తేలకపోతే రూటు పోయినట్టే. పెద్దమ్మ కబురు పంపింది, మందు అయిపోవస్తోందని. ఊడ్చే అక్క నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆవిడ మోకాళ్ళు ఎన్నాళ్ళు ఎక్కుతాయి?

నీకు రాయడమే నా బుద్ధి తక్కువ. అయినా జవాబు రాయి.

చెల్లెలు


గది

చెల్లాయికి,

తప్పే. అడగకూడదు. నీ ఉత్తరం చదివి రోజంతా కుర్చీలో కూర్చున్నాను. తరవాత మళ్ళీ చదివాను. రంగు లేచిన చోటు దగ్గర ఆగిపోయాను.

అది మడమ కాదు. అది లివరే.

చూడు. పైకి గేరు మార్చాలంటే లివరుని వేలితో ఎత్తుతావు. కిందికి మార్చాలంటే తొక్కుతావు. లివరు ఉండాల్సిన చోటు కన్నా కిందికి ఉంటే, ఎత్తడానికి అడ్డు లేదు. తొక్కేటప్పుడు మాత్రం పూర్తిగా దిగకముందే పలకకి కొట్టుకుంటుంది. గేరు సగమే పడుతుంది. అదే నీ సగం టక్. చదునులో దించే పని తక్కువ, దించినా బరువు ఉండదు. కొండమీదే బయటపడుతుంది.

బూట్లు కూడా పాపం ఏ తప్పూ చెయ్యలేదు. లివరు కిందికి ఉంది కాబట్టే వేలు దూరడం లేదు. నువ్వు బూట్లని తిట్టావు, నేను నిన్ను అన్నాను. ఇద్దరం కలిసి లివరుని వదిలేశాం.

ముందు ఇది చెయ్యి. మెరిసే చోట మెత్తటి మట్టి ముద్ద పెట్టు. ఇంజను ఆపి, బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ లివరు తొక్కు. మట్టిలో గుంట పడితే నా మాట నిజం.

తరవాత లివరు మొదట్లో ఉన్న బోల్టు. వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి తియ్యాలి, లేకపోతే లివరు ఊడదు. ఇరుసుకి చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. చివర చిన్న చుక్క కొట్టి ఉంటుంది. లివరుకి ఒక చీలిక ఉంటుంది. చీలిక చుక్కకి ఎదురుగా ఉండాలి. అలా పెట్టి నెమ్మదిగా లోపలికి తొయ్యి. సుత్తితో కొట్టకు. బోల్టు బిగించు. కింద రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి.

చుక్క పక్కకి ఉంటే ఎవరో కావాలనే మార్చారు. దానంతట అది మారదు.

చెయ్యి సంగతి రాయి. వాలే అక్షరాలు ఎడంచేతివి. నాకు చెవులే పోయాయి, కళ్ళు కాదు.

అన్నయ్య


మందుల గది
నెలాఖరు దగ్గర

అన్నయ్యకి,

మట్టిలో గుంట పడింది! పడడమేమిటి, లివరు ముద్రలా దిగింది. ఊడ్చే అక్క చూసి, "అమ్మో, ఇది దొంగ కాలి అచ్చులా ఉంది" అంది.

బోల్టు తీసేసరికి ప్రాణం పోయింది. నేను స్పానరు పట్టుకుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి బలం. లివరు ఊడింది. అన్నయ్యా, చుక్క ఎక్కడో ఉంది, చీలిక ఎక్కడో ఉంది. ఎవరో మార్చారు.

నువ్వు చెప్పినట్టే పెట్టాను. ఏనుగు బూటు వేసుకుని చూశాను. వేలు వెన్నలో దూరినట్టు దూరింది. బూట్లకి క్షమాపణ చెప్పాను.

మార్చింది ఆ వర్క్‌షాపువాడే. ఇంకెవరికి స్పానరు ఉంది? తనే కిందికి దించి, తనే ఫోర్కు వంగిందన్నాడు. వాడి మొహం మీద నిలదీస్తాను.

చెయ్యి అడిగావు. సరే. బండి వెనక్కి దొర్లినప్పుడు కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. ఎడంచేత్తో రాస్తున్నాను. చెబితే ఏం చేస్తావు? ఆ మోకాళ్ళతో బస్సెక్కి వచ్చేస్తావు. ఇక్కడికొచ్చి నా చెయ్యి చూస్తూ కూర్చుంటావు. నాకు కావలసింది చెయ్యి చూసేవాడు కాదు, గేరు చూసేవాడు. కట్టు రేపు విప్పుతున్నారు.

సరే, ఇప్పుడు నా వంతు. ఉత్తరం పైన ఎప్పుడూ "షెడ్డు" అని రాసేవాడివి. పోయినసారి "గది" అని ఉంది. రోజంతా కుర్చీలో కూర్చున్నానని కూడా రాశావు. పనిరోజు నువ్వు కుర్చీలో ఎందుకు కూర్చున్నావు? నాకూ కళ్ళున్నాయి.

చెల్లెలు


గది

చెల్లాయికి,

మణికట్టు విరిగితే పెట్టె పగిలిందని రాశావు. నాన్న ఉంటే ఇద్దరికీ చెరో దెబ్బ వేసేవాడు. నాకూ వెయ్యాలి కాబట్టి ఊరుకుంటున్నాను.

షెడ్డు ఇప్పుడు యజమాని పెద్దాయన చేతి నుంచి ఆయన కొడుకు చేతికొచ్చింది. ఆ అబ్బాయి నా ముందు నిలబడి ఏదో అన్నాడు. వినబడలేదు. పలక మీద రాసి చూపించాడు. "చెవిటివాడికి ఇంజనేం అర్థమవుతుంది?" అని. పని కుర్రాళ్ళు కూడా చదివారు.

నేను చెయ్యి ఆనించి చూస్తాను. ఇంజను మూత మీద అరచెయ్యి పెడితే ఏ బేరింగు పోయిందో తెలుస్తుంది. ఆ మాట చెప్పాలనుకున్నాను. గొంతు రాలేదు. నాకు ఎప్పుడూ అంతే. నా స్టూలు తీసుకుని వచ్చేశాను. స్టూలు నాది.

కోపం ఇంటికొచ్చాక వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. నీకు రాస్తుంటే ఇంకా పెరుగుతోంది.

వర్క్‌షాపువాణ్ణి వదలకు. నా బదులు కూడా రెండు మాటలు అను.

అన్నయ్య


మందుల గది
కొండ దిగి వచ్చాక

అన్నయ్యకి,

కుడిచేత్తో రాస్తున్నాను, చూడు. వణుకు చేతిది కాదు, నవ్వుది.

మొదట నీ గొడవ. పలక మీద రాసి చూపించాడా! వాడి పలక పగల! నువ్వు ఒక్క మాట అనకుండా స్టూలు పట్టుకొచ్చావా? ఆ స్టూలు వాడి నెత్తిన పెట్టి రావాల్సింది. నాకు అప్పుడే రాస్తే నా పెద్ద నోరు పోస్టులో పంపేదాన్ని.

ఇవాళ ఏం జరిగిందో విను. విను అన్నాను, చదువు.

పొద్దున అందరూ షెడ్డు ముందు చేరారు. డాక్టరమ్మ, నేను, ఊడ్చే అక్క, వర్క్‌షాపువాడు, కిర్రుచెప్పులు. వర్క్‌షాపువాణ్ణి చూడగానే నేను మొదలుపెట్టాను. నా వాటా, నీ వాటా, పెద్దమ్మ వాటా, అన్నీ ఇచ్చాను. "లివరు నువ్వే దించావు, నువ్వే నా మీద నింద వేశావు" అని. ఆ మనిషి నోరు తెరుచుకుని, "అమ్మా, నేను లివరు ముట్టుకోనేలేదు. విప్పొద్దు, ఖర్చవుతుంది, నర్సు తొక్కి పాడుచేసిందని రాసెయ్యి చాలు అన్నారు" అన్నాడు. ఎవరన్నారో చెప్పలేదు. చెప్పులు మాత్రం కిర్రుమన్నాయి.

అప్పుడు కిర్రుచెప్పులు గొంతు సవరించుకుని, "ఇవన్నీ సాకులండీ. బండి బంగారంలా ఉంది. నడిపే మనిషిదే లోపం" అన్నాడు.

డాక్టరమ్మ, "ఆవిడ చెయ్యి ఇంకా కుదురుకోలేదు. ముందు మీరే మలుపుదాకా నడిపి చూపించండి, బంగారం సంగతి తెలిసిపోతుంది" అంది.

"నేనా? నేను దీని మీద ఎప్పుడూ కూర్చోలేదండీ."

"ఇవాళ కూర్చోండి."

ఎక్కాడు. ఎంత హుందాగా ఎక్కాడనుకున్నావు! తాళం తిప్పాడు, బటను నొక్కాడు, ఏది ఎక్కడుందో వెతుక్కోలేదు. ఎడంకాలు చాచాడు. చెప్పు కింద పలక దగ్గరికి, పాత చోటికి, తిన్నగా వెళ్ళింది. అక్కడ లివరు లేదు. ఇంకోసారి తడిమింది. లేదు. కోడిపిల్ల గింజ వెతుక్కున్నట్టు ఆ చెప్పు అక్కడక్కడే పొడుస్తోంది. మనిషికి విసుగొచ్చింది. వంగి చూసి, కోపంగా అరిచాడు.

"ఈ లివరు పైకి ఎవరు పెట్టారు? చెప్పులతో గేరు ఎలా ఎత్తాలి? కష్టపడి కిందికి దించుకుంటే..."

అంతే. నోరు మూసుకున్నాడు. ఇంజను ఒక్కటే తిరుగుతోంది.

ఊడ్చే అక్క చీపురు భుజాన వేసుకుని, "అయితే సెలవు రోజున మీ తోట దగ్గర కప్పలా ఉన్నది కప్పేనా బాబూ? నేను నిజం కప్ప అనుకున్నాను" అంది.

వర్క్‌షాపువాడు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "దిగండి" అంది. ఒక్కటే మాట. దిగేటప్పుడు ఆ చెప్పులు చప్పుడు చెయ్యలేదంటే నమ్ము.

తోటకి పోవడానికి బండి కావాలి. చెప్పులతో లివరు ఎత్తడం కష్టం. కాబట్టి దించుకున్నాడు. చదునులో తనకి బాగానే ఉంది. నేను కొండమీద దొర్లి చెయ్యి విరిగి పడుంటే, తన చెప్పుల కోసం తిప్పిన బోల్టు గురించి నోరెత్తకుండా సూదీ గేరూ అని సామెతలు చెప్పాడు! గుర్తొస్తే ఇప్పటికీ నెత్తురు మరుగుతోంది. డాక్టరమ్మ పైకి రాసింది. ఏమవుతుందో చూడాలి. అతను నాకు క్షమాపణ చెప్పలేదు. వర్క్‌షాపువాడికి మాత్రం నేను చెప్పాను. ఒట్టి అమాయకుడేం కాదు, చెప్పింది రాసిన మనిషే. సగం క్షమాపణే చెప్పాను. సగం టక్.

తరవాత నేను ఎక్కాను. చెయ్యి నొప్పి పుట్టింది, పుట్టనీ. మందుల పెట్టె కట్టుకున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి, ఒప్పుకుంటాను, భయం వేసింది. వెనక్కి దొర్లిన చోటు అదే. మూడులో ఉన్నాను. తొక్కాను.

అన్నయ్యా, నీకోసం సరిగ్గా రాస్తున్నాను. సగం కాదు. ముందు "టు" లేదు, వెనక "గర్ర్" లేదు. బూటు అడుగునుంచి మడమదాకా తగిలింది.

టక్.

అంతే. కప్ప గోడెక్కినట్టు ఎక్కింది. పెద్దమ్మ మిషను ఆపి, "ఇవాళ నీ బండి గొంతు మారిందే" అంది. మందు ఇచ్చాను. రూటు నాదే.

చెల్లెలు


గది

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివాను. టక్ అని రాసిన చోట వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. చాలాకాలమైంది నేను గేరు పడ్డ చప్పుడు విని.

నెలకోసారి ఆ బోల్టు బిగువు చూసుకో. చెయ్యి మీద బరువు మొయ్యకు. చెయ్యి విరిగితే చెయ్యి విరిగిందని రాయి.

నాకు ఎప్పుడూ గొంతు రాదని నీకు తెలుసు. అయినా నిన్న షెడ్డుకి వెళ్ళాను. పనికోసం కాదు. నీ ఉత్తరాలూ, నా జవాబుల చిత్తుకాగితాలూ జేబులో పెట్టుకుని వెళ్ళాను. షెడ్డు మధ్యలో నిలబడి వరసగా పైకి చదివాను. ఎంత గట్టిగా చదివానో నాకు తెలియదు. పని కుర్రాళ్ళు స్పానర్లు కింద పెట్టారు. రోడ్డు మీద ఇద్దరు ఆగారు. కాబట్టి గట్టిగానే చదివి ఉంటాను. టక్ దగ్గర ఒక కుర్రాడు చప్పట్లు కొట్టాడు. చేతులు కనబడ్డాయి.

చివర ఆ పెద్దాయన కొడుకుతో, "చెవిటివాడికి ఇంజను ఇలా అర్థమవుతుంది" అన్నాను.

అతను చాలాసేపు ఏదేదో అన్నాడు. మొహం ఎర్రబడింది. పలక కోసం వెతుక్కున్నాడు. అది దొరికేలోపు నేను వచ్చేశాను.

అన్నయ్య